డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఎందుకంత ఎత్తున ఉంది?

విశాఖపట్నంలో ఆర్.కె. బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు చూస్తే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్స్ నోస్. సముద్రమట్టానికి సుమారు 174 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద 1957 నుంచీ లైట్‌హౌస్ ఉంది. పైకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఫొటోలు తీసుకుని దిగిపోతుంటారు. దీపానికి అంత ఎత్తు ఎందుకని ఒక్క ఐదు నిమిషాలు ఆలోచించి చూడండి, అక్కడ కనిపించే సముద్రమే మారిపోతుంది.

దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా సరే, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం దాటాక సముద్రమే దానికి అడ్డొస్తుంది. ఎంత దూరమో తెలుసుకోవడానికి సులువైన లెక్క ఉంది. మన కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. బీచ్‌లో ఇసుక మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే, అతనికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే అయిపోతుంది. 174 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే అదే 47 కిలోమీటర్లు. ఎత్తు వంద రెట్లకు పైగా పెరిగితే చూపు పెరిగింది పది రెట్లే. వర్గమూలం చేసే పని ఇదే: రెట్టింపు దూరం కావాలంటే నాలుగు రెట్ల ఎత్తు ఎక్కాలి. చదునైన తీరంలో ఆ ఎత్తు కోసం పొడవాటి స్తంభం కట్టాల్సి వస్తుంది. ఇక్కడ కొండే ఆ పని చేసి పెట్టింది.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. నీటికి దగ్గరలో గాలి సాంద్రంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. అందువల్ల కాంతి కొంచెం కిందికి వంగుతూ ప్రయాణిస్తుంది. ఆ వంపు వల్ల 47 కిలోమీటర్లు మామూలు వాతావరణంలో 51 దాకా సాగుతాయి. ఓడలోని నావికుడు కూడా నీటి మట్టంలో కూర్చోడు కదా! అతని కన్ను 10 మీటర్ల ఎత్తున ఉంటే ఇంకో 12 కిలోమీటర్లు కలుస్తాయి. మొత్తం 63. ఈ దీపం 64 కిలోమీటర్ల వరకూ కనిపిస్తుందని పర్యాటక సమాచారంలో తరచూ రాస్తుంటారు. ఆ అంకెకు మన చిన్న లెక్క ఇంత దగ్గరగా రావడం నాకెంతో సంతోషంగా అనిపిస్తుంది.

ఎత్తు ఎక్కువైతే ఇబ్బందులూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని కేప్ పాయింట్‌లో 1860లో దాదాపు 240 మీటర్ల ఎత్తున దీపం పెట్టారు. అది తరచూ మబ్బుల్లో, పొగమంచులో కలిసిపోయేది. 1911లో లుసిటానియా అనే పోర్చుగీసు ఓడ అక్కడి బండలకు కొట్టుకుని మునిగింది. ఆ తరువాత 87 మీటర్ల ఎత్తునే కొత్త దీపం కట్టారు. దీపానికి కొండ ఎంచుకునేటప్పుడు అక్కడ మబ్బు ఎంత కిందికి దిగుతుందో కూడా చూడాలన్నమాట.

ఇక కాంతి సంగతి. దీపం అన్ని వైపులకూ వెలుగు చిమ్మితే చాలా భాగం ఆకాశంలోకీ నేల మీదకీ పోయి వృథా అవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ దీనికి మార్గం కనిపెట్టాడు. మందపాటి కటకం బదులు, అడ్డంగా కోసిన ఉల్లిపాయలో కనిపించే వలయాల్లా గాజు వలయాలను అమర్చాడు. ఒక్కో వలయం కాంతిని కొంత వంచి, అంతా కలిసి దిగంతం వైపు ఒకే పుంజంగా పంపుతాయి. బరువు తగ్గింది, వెలుగు పెరిగింది. ఆ కటకం మొదట 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో వెలిగింది.

చీకట్లో ఓడవాళ్లు ఏ దీపం ఎక్కడిదో గుర్తుపట్టేది మెరుపుల లెక్కను బట్టే. ఎన్ని మెరుపులు, వాటి మధ్య ఎన్ని సెకన్లు అన్నది దగ్గర్లోని దీపాలకు ఒకేలా లేకుండా నిర్ణయిస్తారు. ఇప్పుడు జీపీఎస్ ఉంది, నిజమే. కానీ తెరమీద చుక్కను కంటికి కనిపించే దీపంతో సరిచూసుకోవడం మంచి నావికులకు ఇప్పటికీ అలవాటే. ఇలాంటి దీపాలేవీ లేని రోజుల్లో మన జాలరులు ఒడ్డున కనిపించే కొండల గుర్తులను బట్టే ఇంటిదారి పట్టేవారు.

ఎత్తుకు, దిగంతానికి ఉన్న ఈ సంబంధాన్ని కళ్లతో చూడొచ్చు. సముద్రం మీద మబ్బులు లేని ఉదయం ఒకరు బీచ్‌లో, మరొకరు సముద్రం బాగా కనిపించే కొండ మీద ఫోన్లు పట్టుకుని నిలబడండి. కొండ 170 మీటర్ల ఎత్తు ఉంటే, పైనున్నవారికి సూర్యుడి అంచు దాదాపు ఒకటిన్నర నిమిషం ముందే కనిపిస్తుంది.