అణు విద్యుత్ కేంద్రం వయసు: అపోహలు - వాస్తవాలు

మాది ప్రొద్దుటూరు. భారజల రియాక్టర్ల (మామూలు హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీటిని వాడేవి) తనిఖీ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం భద్రతకు కీలకమైన భాగాలు ఏ వేగంతో పాతబడుతున్నాయో కొలిచి లెక్కగట్టడంలోనే గడిచింది. ఇప్పుడు సొంత ఊళ్లోనే ఉంటున్నాను. కడప జిల్లాలో అణుశక్తి అనగానే అందరికీ వేముల మండలంలోని తుమ్మలపల్లె గుర్తుకొస్తుంది. అక్కడ ఉన్నది యురేనియం గని, ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారం మాత్రమే, రియాక్టరు లేదు. ఈ రాత రియాక్టర్ల గురించి.

ఒక బొగ్గు విద్యుత్ కేంద్రంలో బాయిలర్ నిర్వహణ చూసే మా అక్క కొడుకు ఈ మధ్య ఇంటికి వచ్చినప్పుడు అడిగాడు: "ఏం మామా, మా బాయిలర్ ట్యూబులు పదిహేనేండ్లకే పలచబడి పగులుతాండాయి, మీవాళ్లు యాభై ఏండ్ల రియాక్టర్లను ఏ ధైర్యంతో నడుపుతాండారు?" ప్రశ్న న్యాయమైనది. దానికి ఆ రోజు భోజనాల దగ్గర చెప్పిన జవాబు చాలలేదు కాబట్టి, తరచూ వినిపించే అపోహలతో కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: రియాక్టరుకు నలభై ఏళ్ల గడువు ఉంటుంది, అది దాటితే ప్రమాదం.

వాస్తవం: నలభై ఏళ్ల లెక్క అమెరికా లైసెన్సుల నుంచి ప్రచారంలోకి వచ్చింది. అక్కడి నియంత్రణ సంస్థే చెప్పినట్టు, ఆ సంఖ్యను ఆర్థిక కారణాలను, గుత్తాధిపత్య నిరోధక అంశాలను చూసి నిర్ణయించారే తప్ప లోహాల ఆయుష్షును చూసి కాదు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సును పరిమిత కాలానికే ఇచ్చి పునరుద్ధరిస్తూ ఉంటుంది. అంతేగాక పదేళ్లకోసారి సమగ్ర భద్రతా సమీక్ష జరుగుతుంది, అందులో పాతబడటం ఒక ప్రధానాంశం. మహారాష్ట్రలోని తారాపూర్ మొదటి రెండు యూనిట్లు 1969 అక్టోబరులో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. అయితే ఆ తేదీని బట్టి ఆ కేంద్రంలోని పంపు వయసు గానీ, కేబుల్ వయసు గానీ, కాంక్రీటు వయసు గానీ చెప్పలేము. కేంద్రానికి ఒకే వయసు ఉండదు. ఒక్కొక్క భాగం తాను మోసే ఒత్తిడిని, వేడిని, న్యూట్రాన్ల తాకిడిని బట్టి తన వేగంతో తాను పాతబడుతుంది. మా వృత్తి మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

అపోహ: కొత్త భాగం వేస్తే ఇక కొన్ని దశాబ్దాలు చూసుకోనక్కరలేదు.

వాస్తవం: దీన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన రియాక్టర్లు నేర్పిన పాఠాల్లో ఇదే పెద్దది.

మన 220 మెగావాట్ల భారజల రియాక్టరులో 306 ప్రెషర్ ట్యూబులు అడ్డంగా పడుకోబెట్టి ఉంటాయి. ఇంధనం వాటిలోనే ఉంటుంది, మూడు వందల డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా వేడెక్కిన భారజలం అధిక పీడనంతో వాటి గుండానే పారుతుంది. ప్రతి ప్రెషర్ ట్యూబు చుట్టూ మరో పలుచని గొట్టం, కాలాండ్రియా ట్యూబు, ఉంటుంది. రెంటి మధ్య సన్నని ఖాళీలో వాయువు తిరుగుతుంది, ఆ ఖాళీ చెదరకుండా గార్టర్ స్ప్రింగులు, అంటే ట్యూబు చుట్టూ ఉంగరాల్లా తొడిగిన స్ప్రింగులు, కాపాడతాయి. కాలాండ్రియా ట్యూబుకు బయట చల్లని భారజలం ఉంటుంది. న్యూట్రాన్ల తాకిడి వల్ల, వేడి వల్ల, బరువు వల్ల ప్రెషర్ ట్యూబు ఏళ్లు గడిచేకొద్దీ పొడవు పెరుగుతుంది, లావెక్కుతుంది, నడుము దగ్గర వంగుతుంది. దీనితోపాటు లోపలి గోడ మెల్లగా క్షయమవుతున్నప్పుడు భారజలంలోని డ్యుటీరియం జిర్కోనియం లోహంలోకి చొరబడుతుంది. వంగిన ట్యూబు స్ప్రింగు జరిగిపోయిన చోట చల్లని బయటి గొట్టాన్ని తాకితే, లోహంలోని డ్యుటీరియం ఆ చల్లని బిందువు వైపు వలసపోయి పెళుసైన పొక్కుగా గడ్డకడుతుంది. 1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్ రెండవ యూనిట్‌లో ట్యూబు పగిలింది ఈ కారణంగానే. ఆ అనుభవం తరువాత పాత మిశ్రమలోహమైన జిర్కలాయ్-2 స్థానంలో రెండున్నర శాతం నయోబియం కలిపిన జిర్కోనియం వచ్చింది. రాజస్థాన్ అణు కేంద్రం రెండవ యూనిట్‌లో 1994లో మొదలుపెట్టి 1998 నాటికి ట్యూబులన్నిటినీ మార్చారు. ఆ తరువాత కల్పాక్కం, నరోరా, కాక్రాపార్ వంతు వచ్చింది. ఈ పనిని మన ఇంజినీర్లు మన దేశంలోనే నేర్చుకుని చేశారన్న గర్వం నాకు ఈనాటికీ ఉంది.

గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్ అలా కొత్త ట్యూబులతో 2011లో తిరిగి నడక మొదలుపెట్టింది. 2016 మార్చి 11న అందులోని ఒక ట్యూబు లీకైంది. అంతకు ముందు ఏడాది, 2015 జులైలో, రెండవ యూనిట్‌లో కూడా ఒక ట్యూబు లీకైంది. రియాక్టరు సురక్షితంగానే ఆగింది, కానీ మాలాంటి వాళ్లకు నిద్ర పట్టలేదు. పరీక్షిస్తే తుప్పు మచ్చలు ట్యూబు బయటి వైపున, అంటే మేమందరం నిరపాయమని భావించిన వాయువు తిరిగే వైపున, కనిపించాయి. మా లెక్కలన్నీ లోపలి గోడ మీదే నిలిచి ఉన్నాయి. ఐదేళ్ల ట్యూబు కూడా ఇరవై ఏళ్ల ట్యూబు లాగే ఓడిపోయిందంటే, ఏజింగ్ మేనేజ్‌మెంట్ (భాగాలు పాతబడటాన్ని కనిపెట్టి అదుపులో ఉంచే పని) అనేది పుట్టిన తేదీ నుంచి లెక్కించే వ్యవహారం కాదని అంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఆ రెండు యూనిట్లలోనూ ట్యూబులన్నీ మార్చిన తరువాత 2018లో రెండవది, 2019లో మొదటిది తిరిగి పనిలోకి వచ్చాయి.

అపోహ: రియాక్టరు గర్భం చూసుకుంటే చాలు, మిగతాది మామూలు పైపులే.

వాస్తవం: జపాన్‌లోని మిహామా మూడవ యూనిట్‌లో 2004 ఆగస్టు 9న పగిలింది టర్బైన్ భవనంలోని నీటి పైపు. అందులో అణుధార్మికత లేదు, ఉన్నది సుమారు 140 డిగ్రీల వేడినీరు. ఐదుగురు కార్మికులు చనిపోయారు. 10 మి.మీ. ఉండవలసిన గోడ కొన్ని చోట్ల 2 మి.మీ. కంటే పలుచబడింది. 1976లో ఆ యూనిట్ నడక మొదలైన నాటి నుంచి ఆ చోటును ఒక్కసారి కూడా కొలవలేదు, ఎందుకంటే తనిఖీ జాబితాలోంచి ఆ ఒక్క పేరు జారిపోయింది. అంతకు ముందే, 1986 డిసెంబరులో, అమెరికాలోని సర్రీ కేంద్రంలో ఇదే విధంగా పైపు వంపు పగిలి నలుగురు మరణించారు. వేడినీరు వేగంగా పారే కార్బన్ స్టీలు పైపులో లోపలి రక్షణ పొర కరిగిపోతూ ఉంటుంది. వంపుల దగ్గర, ప్రవాహాన్ని కొలిచే ఆరిఫిస్ (నడుమ చిల్లున్న పలక) దాటిన వెంటనే, నీరు సుడులు తిరిగే చోట ఇది మరీ ఎక్కువ. ఉక్కులో కొద్దిపాటి క్రోమియం ఉన్నా ఈ అరుగుదల బాగా తగ్గుతుంది. మా అక్క కొడుకు బాయిలర్ దగ్గర కూడా ఇదే శాస్త్రం పనిచేస్తుంది. అతనితో చెప్పిన మాటే ఇక్కడా చెబుతున్నాను: పైపు కంటే ముందు జాబితాను తనిఖీ చేయాలి.

అపోహ: వాడకుండా ఉంచిన పరికరం కొత్తదానితో సమానం.

వాస్తవం: మన పల్లెల్లో బోరు దగ్గర ఎండకు వదిలేసిన మోటారు వైరును చేతితో వంచి చూడండి. కరెంటు పారినా పారకపోయినా పై తొడుగు బిరుసెక్కి చిట్లుతుంది. అణు కేంద్రంలో భద్రతా కేబుళ్ల సంగతీ అంతే. వేడి ఆవిరి పైపుల పక్కనుంచి పోయే కేబులు, సంవత్సరాల తరబడి ఒక్క సిగ్నలు కూడా మోయకపోయినా, లోపల పాలిమర్ ఇన్సులేషన్ గట్టిపడుతూనే ఉంటుంది. కేబుల్‌కు అసలు పరీక్ష రోజువారీ నడకలో రాదు. ప్రమాదం జరిగి భవనం వేడి ఆవిరితో నిండినప్పుడు, అది వాల్వును మూయించే సంకేతాన్ని మోయగలగాలి. అందువల్లే కొత్తలో తన పొడవుకు ఎన్నో రెట్లు సాగే ఇన్సులేషన్, తెగే ముందు కనీసం సగం పొడవైనా అదనంగా సాగుతుందా అని చూడటం మా ఆనవాయితీ. రబ్బరు సీళ్లు, రిలేలు, బ్యాటరీలు కూడా ఈ కోవలోనివే.

అపోహ: ఏ భాగం పాతబడినా మార్చవచ్చు.

వాస్తవం: అన్నీ మార్చలేము. కుడంకుళం వంటి చోట్ల ఉండే పెద్ద ఉక్కు పీడన పాత్ర కేంద్రంతోనే మొదలై కేంద్రంతోనే ముగుస్తుంది. న్యూట్రాన్లు తాకే కొద్దీ ఆ ఉక్కు పెళుసుబారుతుంది. అందులో రాగి, భాస్వరం వంటివి ఎక్కువగా ఉంటే మరింత వేగంగా పెళుసుబారుతుంది. కాబట్టి నిర్మించేటప్పుడే అదే రకం ఉక్కు ముక్కలను పాత్ర లోపల ఉంచి, నిర్ణీత కాలానికి ఒక్కో గుత్తిని బయటికి తీసి, లోలకపు సుత్తితో కొట్టి విరిచి చూస్తారు. పాత్ర గోడ ఎక్కడికి చేరబోతోందో ఆ ముక్కలు ముందుగా చెబుతాయి. రష్యన్ నమూనా పాత రియాక్టర్లు కొన్నింటిలో పాత్రను సుమారు 475 డిగ్రీలకు వేడిచేసి, పెళుసుగా విరగకుండా తట్టుకునే గుణాన్ని చాలావరకు తిరిగి రప్పించారు.

అపోహ: పరికరాలు అధునాతనమైతే లోపం దానంతటదే బయటపడుతుంది.

వాస్తవం: అమెరికాలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో 2002లో పీడన పాత్ర మూత మీద, రియాక్టరు నీటిలో కలిసి ఉండే బోరిక్ ఆమ్లం బయటికి కారి ఉక్కును తిని చేసిన గుంత బయటపడింది. ఆ గుంత దగ్గర మందమైన ఉక్కంతా పోయి, లోపలి స్టెయిన్‌లెస్ పొర ఒక్కటే పీడనాన్ని ఆపుతోంది. దానికి చాలా ముందు నుంచే ఆ భవనంలో గాలి ఫిల్టర్లు తుప్పు పొడితో పదేపదే మూసుకుపోతున్నాయి. ఫిల్టర్లు మార్చారు, పొడి ఎక్కడిదో చివరిదాకా వెతకలేదు.

నా సొంత అనుభవం ఒకటి. నేను పనిచేసిన చోట్లలో ఒక దానిలో ఒక పైపు వంపుకు అల్ట్రాసోనిక్ పద్ధతిలో గోడ మందం కొలిస్తే, రెండేళ్ల కిందటి కంటే ఎక్కువ వచ్చింది. ఉక్కు పెరగదు. రిపోర్టు మీద మాత్రం "సంతృప్తికరం" అని రాసి ఉంది, సంతకం నాది. రెండు రోజుల తరువాత మనసొప్పక పాత ఫొటోలు తీయించి చూస్తే, మధ్యలో ఎవరో పైపుకు రంగు వేయించినప్పుడు కొలత గుర్తులు చెరిగిపోయాయని, మేము నాలుగు వేళ్లు పక్కగా కొలిచామని తెలిసింది. అసలు చోట మళ్లీ కొలిచాము. తనిఖీ కోసం రియాక్టరును ఆపిన ఆ షట్‌డౌన్ ముగియకముందే వంపును కోసి తీసి, క్రోమియం కలిసిన ఉక్కు వంపును వెల్డ్ చేయించాము. కొత్త వంపు మీద గుర్తులను రంగుతో పెట్టలేదు, ఎవరు ఎన్నిసార్లు రంగు వేసినా దొరికేలా చిన్న స్టీలు పట్టీతో కట్టించాము.