అక్కడక్కడ అంటే ఎక్కడ?

సోమ, మంగళవారాలు ఎండ మాడ్చేసింది. బుధవారం సాయంత్రం మొగులు పట్టి, గాలి దుమారం లేచి, నాలుగు చినుకులు రాల్చి పోయింది. ఆ రాత్రి దుప్పటి వెతుక్కున్నాం. గురువారం ఒకటే ఉడకపోత. శుక్రవారం రాళ్ల వాన. శనివారం ఏమీ ఎరగనట్టు మళ్లీ ఎండ. మార్చి మూడో వారంలో పరకాల వైపు ఇది కొత్తేమీ కాదు. కానీ మా పెద్దబాపు మిర్చి అంతా కల్లంలోనే ఉంది.

గురువారం రాత్రి ఫోన్లో వాతావరణ సూచన పెద్దబాపుకు చదివి వినిపించాను. ఉత్తర తెలంగాణలో అక్కడక్కడ వడగళ్లు పడొచ్చని. "అక్కడక్కడ అంటే ఎక్కడ బిడ్డా? మన కల్లం ఉన్నదా అండ్ల?" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, అడగాల్సిన ప్రశ్నే అది.

ఈ కాలంలో మన మీదికి రెండు గాలులు వస్తాయి. ఒకటి మరాఠ్వాడా, విదర్భ మీదుగా వచ్చే పొడి గాలి. రెండోది బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి. ఎండాకాలం మొదట్లో నేల తొందరగా కాగుతుంది, సముద్రం కాగదు. అందుకే సముద్రం మీద గాలి పీడనం ఎక్కువగా ఉంటుంది. దాని చుట్టూ గాలి గడియారం ముల్లులా తిరుగుతూ కోస్తా దాటి మనదాకా వస్తుంది. ఈ రెండూ కలిసే గీతనే టీవీల్లో 'ద్రోణి' అంటారు. అది తరచూ విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి సాగుతుంది. ఒకరోజు కాస్త తూర్పుకు, ఇంకోరోజు పడమరకు జరుగుతుంది. గీతకు పడమటి పక్కన ఉన్నరోజు ఉతికిన బట్టలు అరగంటలో ఆరతాయి, పెదాలు పగులుతాయి. తూర్పు పక్కన పడితే ఎండ ఒక డిగ్రీ తక్కువున్నా చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఊరు ఉన్నచోటే ఉంటుంది, వాతావరణమే మారిపోతుంది.

ఇది తెలుసుకోవడానికి పెద్దబాపుకు పరికరాలు అక్కర్లేదు. రోజూ పొద్దున పిడికెడు మిర్చి తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. మంగళవారం గింజలు గలగలమన్నాయి, నొక్కితే కాయ పెళ్లున విరిగింది. బుధవారం నొక్కితే తోలులా వంగింది. "మెత్తవడ్డది" అన్నాడు. ఎండు మిర్చి గాలిలో తేమను పీల్చుకుంటుంది మరి. మొగులు కనిపించడానికి ఏడెనిమిది గంటల ముందే గాలి మారిందని కల్లం చెప్పేసింది.

తేమ గాలి వచ్చినంత మాత్రాన వాన పడదు. అది పైకి లేవాలి. మధ్యాహ్నం ఎండకు నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి పోతుంది. పోతూ ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. కింద 36 డిగ్రీలుండి, ఆ గాలిలోని తేమ 20 డిగ్రీల దగ్గర నీటి బిందువులయ్యేట్టుంటే, సుమారు 2 కిలోమీటర్ల ఎత్తులో మేఘం అడుగు మొదలవుతుంది. దాని తల 10 కిలోమీటర్లు దాటిపోవచ్చు. ఎక్కడో మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఉత్తర భారతం మీదుగా పోయే పశ్చిమ అలజడులు కొన్నిసార్లు పై ఎత్తుల్లోకి చల్లగాలిని ఇంత దక్షిణానికీ దించుతాయి. కింద పొయ్యి, పైన ఫ్రిజ్. అప్పుడిక మేఘం ఆగదు.

బుధవారం గాలే వచ్చి వాన ఎందుకు రాలేదంటే, మేఘం కింద ఇంకా పొడి గాలి మిగిలి ఉంది. చినుకులు దారిలోనే ఆవిరయ్యాయి. ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరిచాయి. చల్లబడి బరువెక్కిన గాలి ధబ్బున కిందికి పడి, నేల తగలగానే నలుదిక్కులా పరుచుకుంది. మన కళ్లల్లో పడ్డ దుమ్ము దాని పనే.

శుక్రవారం అలా కాలేదు. మాకు రాళ్లు పడ్డది పది నిమిషాలే. రేగుపండంత రాయి ఒకటి తెచ్చి బ్లేడుతో రెండు ముక్కలు చేశాను. మధ్యలో పాలలాంటి తెల్లటి చుక్క, దాని చుట్టూ గాజులా మెరిసే పొర, బయట మళ్లీ తెలుపు. సుమారు 5 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పోతుంది. అయినా అక్కడి నీటి బిందువులు చాలావరకు గడ్డకట్టకుండా నీళ్లలాగే ఉంటాయి. చిన్న మంచు పలుకు తగిలితే చాలు, దానికి అతుక్కుని గడ్డకడతాయి. టక్కున గడ్డకడితే గాలి బుడగలు లోపలే చిక్కుకుని పొర తెల్లగా కనిపిస్తుంది. నీరు ఎక్కువై నెమ్మదిగా గడ్డకడితే బుడగలు బయటికి పోతాయి, పొర గాజవుతుంది. రాయి లిఫ్టులో ఎక్కి దిగినట్టు తిరుగుతుందని, ఒక్కో పొర ఒక్కో చుట్టు అని బడిలో చదువుకున్నాం. అంత నిజం కాదు. చాలా రాళ్లు ఒకే పెద్ద ప్రయాణంలో, పైకి నెట్టే గాలి మీద తేలుతూ పెరుగుతాయి.

ఇప్పుడు పెద్దబాపు ప్రశ్న. రాళ్లు కురిపించే మేఘపు గుండె కొద్ది కిలోమీటర్ల వెడల్పే. సాధారణంగా దాని ఆయువు గంట లోపే. ద్రోణి ఎక్కడుందో, పైన చల్లదనం ఎంతో ముందురోజే లెక్కగట్టొచ్చు. నీళ్లు పొయ్యి మీద పెడితే కాగుతాయని చెప్పగలం, మొదటి బుడగ గిన్నెలో ఎక్కడ లేస్తుందో చెప్పలేం. మేఘం పుట్టాక హైదరాబాద్ డాప్లర్ రాడార్ లాంటివి దాన్ని చూస్తాయి, అప్పుడొచ్చే హెచ్చరిక మూడు గంటల లోపుది. ఇక 'అక్కడక్కడ' అన్నది తప్పించుకునే మాట కాదు. వాతావరణ శాఖ లెక్కలో దానికి కొలత ఉంది: ఆ ప్రాంతంలో నాలుగో వంతుకు మించని చోట్ల అని. 2023 మార్చి వడగళ్లకు ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించినప్పుడు చేను చేనూ తిరిగి లెక్క రాసుకోవాల్సి వచ్చింది అందుకే.

మా కల్లం మీద రాళ్లు పెద్దగా పడలేదు. కానీ పరదా కిందికి నీళ్లు పాకి కుప్ప అడుగు తడిసింది. ఆ కాయలు తెల్లబడి తాలులోకి, అంటే నాసిరకంలోకి పోతాయి, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో వాటి ధర వేరు. శనివారం పొద్దున పెద్దబాపు పైనున్న కాయ తీసి నొక్కాడు. ఇంకా వంగుతూనే ఉంది. ఫోన్లో ఏముందని అడిగాడు.

"అక్కడక్కడ" అన్నాను.

ఏమీ అనకుండా పోయి, పరదా నాలుగు మూలలా ఇంకో రెండేసి బండలు పెట్టాడు.