చుక్క పడ్డచోట కాదు వెతకాల్సింది

పెరంబూరు, చెన్నై

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మొన్న నువ్వడిగినదానికి ఫోన్లోనే చెప్పేవాణ్ణి గానీ మీ నానమ్మ మధ్యలో ఫోన్ లాగేసుకుంది. ఇంతా చెప్పాలంటే రాయడమే నయం. బడిలో మీకు తెలుగు లేదు కాబట్టి ఆ వంకనైనా నాలుగు ముక్కలు చదువుతారు.

వేళచేరిలో మీ పార్కింగులో కారు కింద నల్ల మరకలు పడుతున్నాయి. మెకానిక్ వంగి చూసి "చాంబర్ ప్యాకింగ్ పోయింది సార్" అన్నాడు. ప్యాకింగ్ మార్చాక కూడా మరకలు మానలేదు. "ఆయన కళ్ళతో చూసే కదా చెప్పాడు తాతయ్యా, మరి తప్పెలా అయింది?" అన్నావు. చూశాడమ్మా, కాదనను. చుక్క ఎక్కడినుంచి పడుతోందో చూశాడు, అంతే.

ఇంజన్‌లో అన్నిటికంటే అడుగున ఉండేది చాంబర్, అంటే ఆయిల్ నిలవుండే తొట్టి. ప్యాకింగంటే అతుకుల మధ్య ఆయిల్ కారకుండా వేసే పట్టీ. పైన ఎక్కడ కారినా ఆయిల్ ఇంజన్ ఒంటి వెంబడి జారి ఆ తొట్టి అంచుకే చేరుతుంది, అక్కడినుంచే చుక్క పడుతుంది. కారు పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. కాబట్టి ఎక్కడ బాగా తడిసిందని చూస్తే మోసపోతాం. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఏదుందో చూడాలి.

అసలు కారింది ఇంజన్ ఆయిలేనా? మన ఊరి ఎండల్లో ఏసీ వేసుకుని తిరిగొస్తే కారు కింద నీళ్ళ మడుగు కట్టడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసనొస్తే అది కూలెంట్, విషం. బుజ్జీ, వేలితో ముట్టి నోట్లో పెట్టుకునేవు! చక్రం దగ్గర పల్చగా కారుతుంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు, అలాంటప్పుడు కారు కదపనే కూడదు. గోధుమ రంగునుంచి నలుపు దాకా ఉండి, వేళ్ళ మధ్య జారుతుంటే ఇంజన్ ఆయిల్. రాత్రి పూట ఒక పాత అట్టపెట్టె విప్పదీసి ఇంజన్ కింద పరవండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గీత గీయండి. పొద్దున చూస్తే రంగూ తెలుస్తుంది, ఇంజన్‌కి ఏ పక్కన పడుతోందో కూడా తెలుస్తుంది.

తర్వాత కడగాలి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. ఏళ్ళ తరబడి దుమ్మూ ఆయిలూ కలిసి గట్టిపడిన ఇంజన్ మీద కొత్త తడి ఏదో, పాతది ఏదో ఎవరికీ తెలియదు. ఇంజన్ చల్లారాక, కరెంటు కనెక్షన్లూ ఆల్టర్నేటరూ ప్లాస్టిక్ కవర్లతో కప్పి, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి మెల్లగా కడిగించమనండి. ఆరాక రెడ్ హిల్స్ దాకా వెళ్ళొచ్చి బానెట్ ఎత్తితే కొత్త తడి దానంతటదే కనబడుతుంది. మరీ సన్నగా ఊరుతుంటే, శుభ్రం చేసిన ఇంజన్ మీద పౌడర్ చల్లుతారు, ఆయిల్ తగిలినచోట చార కడుతుంది. కొన్ని వర్క్‌షాపుల్లో ఆయిల్లో ఒక రకం రంగు కలిపి, అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు. కారే దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది.

ఎక్కడెక్కడ కారుతుందంటారా? ఇంజన్ నెత్తిన మూతలా ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర ఎక్కువగా చూశాను. అది రబ్బరు. వేడికి ఏళ్ళ తరబడి మాగి బిరుసెక్కి అతుక్కునే గుణం పోతుంది. అక్కడ కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడు వాసనొస్తుంది. సర్వీసు చేయించిన వెంటనే కారడం మొదలైతే మాత్రం పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రైన్ బోల్ట్ వాషర్, ఆయిల్ ఫిల్టర్ ముందు చూడాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగుల మధ్యనుంచి ఆయిల్ చిమ్ముతుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర చుక్క పడితే క్రాంక్ వెనక సీలు పోయిందంటారు. క్రాంకంటే ఇంజన్‌లో తిరిగే ఇరుసు. సీలు చిన్నదే గానీ దాని కోసం గేర్‌బాక్స్ దించాలి, కూలి తడిసిమోపెడవుతుంది. కానీ టాపెట్ కవర్ వెనక అంచు కారినా ఆయిల్ సరిగ్గా అదే అతుకులోకి దిగుతుంది. పైన తుడిచి చూడకుండా గేర్‌బాక్స్ దించమనేవాడి దగ్గర కారు వదలొద్దని మీ నాన్నకి చెప్పండి.

ఇంతవరకూ ఎక్కడ కారుతోందన్నదే. ఎందుకు కారుతోందన్నది ఇంకా మిగిలే ఉంది. కొత్త సీలు కొన్నాళ్ళకే కారితే నేను సీలుని తిట్టను.

పిస్టన్ల మీద పెట్రోలు మండినప్పుడు ఆ పొగలో కొంచెం పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. కొత్త ఇంజన్‌లోనూ జారుతుంది. ఒకప్పుడు ఆ పొగని ఒక గొట్టంగుండా రోడ్డు మీదికే వదిలేసేవారు. కాలుష్యం ఎక్కువవుతోందని 1961లో కాలిఫోర్నియా కొత్త కార్లలో ఆ పొగని తిరిగి ఇంజనే పీల్చుకునే ఏర్పాటు ఉండాలంది. ఇప్పుడు మన కార్లలో ఉన్నదీ అదే. ఆ పొగని మళ్ళీ ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వు, దానికో బ్రీదర్ పైపు. ఆ దారి జిడ్డుతో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కుక్కర్లో వెయిట్ పెట్టే రంధ్రానికి మెతుకు అడ్డం పడితే ఆవిరి గాస్కెట్ పక్కనుంచి తన్నుకొస్తుంది చూడండి, ఇదీ అంతే. గాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా మెతుకు తీయందే లాభం లేదు.

చాలా పెట్రోలు కార్లలో దీన్ని చూడడానికి ఒక ఉపాయముంది. ఇంజన్ నెమ్మదిగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద ఒక కాగితం ఉంచుతారు. కాగితం మెల్లగా లోపలికి అతుక్కుంటే దారి బాగానే ఉన్నట్టు. పైకి ఎగిరిపడుతుంటే లోపల ఒత్తిడి ఉన్నట్టు. కొన్ని ఇంజన్లలో మూత తీస్తే ఆయిల్ చిందుతుంది కాబట్టి ఇది మీ పని కాదు, తెలిసినవాడే చేయాలి. పైపు కడిగి, వాల్వు మార్చాక కూడా కాగితం ఎగురుతుంటే పిస్టన్ రింగులు అరిగాయేమోనని, సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించాలి.

ఆయిల్ కొలత మించినా తంటాయే. మూడుంబావు లీటర్లు పట్టే ఇంజన్‌లో, డబ్బాలో మిగల్చడం దేనికని నాలుగు లీటర్లూ వంచేసేవాళ్ళని చూశాను. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, మీద రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. ఇంకో రకం మనుషులున్నారు, విప్పే ఓపిక లేక బయటినుంచే సిలికాన్ పేస్ట్ పూసి పంపేస్తారు. వీళ్ళంటే నాకు మహా చిరాకు. ప్యాకింగ్ బిగించేటప్పుడు దట్టంగా పూస్తే మరీ ప్రమాదం. లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. జీపీ రోడ్డులో సరైన ప్యాకింగ్ దొరుకుతుంది, కారు మోడలూ సంవత్సరమూ చెబితే ఇస్తారు.

ఈ ఆదివారం అట్ట పరిచి, పొద్దున డిప్‌స్టిక్ తుడిచి చూడమని మీ నాన్నకి చెప్పండి. కారు చదునైన నేల మీద ఉండాలి. అట్ట ఫొటో, డిప్‌స్టిక్ ఫొటో, పైనుంచి టాపెట్ కవర్ వెనక అంచు ఫొటో నాకు పంపండి. ఫొటో తీసేటప్పుడు ఇంజన్ ఆపి, చల్లారి ఉండాలి. చిట్టీ, జడ ముడేసుకో. కారు కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు. ఉత్త జాకీ మీద లేపి ఉంటే మీ నాన్నని కూడా దూరనివ్వొద్దు.

మీ
తాతయ్య