మొక్క కళ్లుగప్పే బూజు

వరికి అగ్గితెగులు తెచ్చే శిలీంధ్రం ఆకులోకి దూరే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆకు మీద పడ్డ బీజం తేమ తగలగానే మొలకెత్తి చిన్న గొట్టం సాచుతుంది. దాని కొస ఉబ్బి, మెలనిన్‌తో నల్లబడి, లోపల గ్లిజరాల్ నింపుకుంటుంది. గ్లిజరాల్ నీటిని లాగేకొద్దీ అక్కడ పీడనం 8 మెగాపాస్కల్స్ దాకా, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 80 రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడితోనే పైపొరను పొడుచుకుని కణంలోకి దిగుతుంది.

ఇంత బలం ఉన్నా అదొక్కటే చాలదు. లోపలికి వెళ్లాక మొక్కకు దొరక్కుండా బతకాలి.

శిలీంధ్రపు కణగోడలో కైటిన్ ఉంటుంది. మొక్కల కణగోడలో అది ఉండదు. కాబట్టి కైటిన్ తగిలిందంటే పరాయి జీవి వచ్చిందనే లెక్క. మొక్క కైటినేజ్ అనే ఎంజైములతో ఆ గోడను కొరుకుతుంది. ఊడిన ముక్కలు మొక్క కణాల పైన ఉండే గ్రాహక ప్రోటీన్లకు అంటుకోగానే, నిమిషాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి ఎగదన్నుకొస్తాయి, రక్షణ జన్యువులు పని మొదలుపెడతాయి.

శిలీంధ్రం గోడ లేకుండా బతకలేదు, కైటిన్‌ను వదులుకోవడమూ తేలిక కాదు. అందుకే దాచే పని పెట్టుకుంటుంది. టమాటా ఆకులను పట్టే క్లాడోస్పోరియం ఫల్వమ్‌నే చూడండి. ఏవీఆర్4 అనే దాని ప్రోటీన్ గోడకు పూతలా అంటుకుని కైటినేజ్ కొరకకుండా అడ్డుపడుతుంది. అప్పటికీ కొన్ని ముక్కలు ఊడతాయి కదా, వాటి కోసం ఈసీపీ6 అని ఇంకొకటి ఉంది. ఈ ప్రోటీన్‌లోని రెండు భాగాలు చెరోవైపు నుంచి కైటిన్ ముక్కను నొక్కిపట్టేస్తాయి. మొక్క గ్రాహకం పట్టు దీని ముందు చాలా వదులు. అలా శిలీంధ్రం తన జాడ తానే ఏరేసుకుంటుంది. 2010లో బయటపడిన ఈ ఎత్తు నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైనది.

మిగతావి ఇంకాస్త లోతుకు వెళ్తాయి. మొక్కజొన్న కాటుక తెగులు శిలీంధ్రం ఒక ఎంజైమును నేరుగా మొక్క కణంలోకి పంపి, రక్షణ హార్మోన్ అయిన శాలిసిలిక్ ఆమ్లానికి కావలసిన ముడిసరుకును పక్కకు మళ్లిస్తుంది. బోట్రైటిస్ బూజు పంపే చిన్న ఆర్‌ఎన్‌ఏలైతే మొక్క సొంత యంత్రాంగాన్నే వాడుకుని దాని రక్షణ జన్యువుల నోరు నొక్కుతాయి.

మొక్కలూ ఊరుకోలేదు. కొన్ని టమాటా రకాలు ఏవీఆర్4నే గుర్తుపట్టడం నేర్చాయి. దాచడానికి వేసిన పూతే పట్టిచ్చేస్తుంది. వెంటనే ఆ చోటి కణాలు తమంతట తాము చచ్చిపోతాయి, బతికున్న కణాల మీదే ఆధారపడే శిలీంధ్రం అక్కడే ఆగిపోతుంది.

అయితే చచ్చిన కణాలను తినే శిలీంధ్రాలకు ఇదే విందు. 1940లలో అమెరికాలో తుప్పు తెగులును తట్టుకునే విక్టోరియా ఓట్స్ సంతతి రకాలను విరివిగా వేశారు. కొద్ది ఏళ్లకే ఇంకో శిలీంధ్రం వాటిమీద పడింది. అది వదిలే విక్టోరిన్ అనే విషం, తుప్పును అడ్డుకునే ఆ లక్షణం ఉన్న మొక్కల్లోనే కణాలను చంపేది. తుప్పును తట్టుకోలేని పాత రకాలను అది ముట్టుకోలేదు.