ఏరియేటర్ ఆగితే మెలకువ ఎందుకొస్తుంది?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టు మీద, షెడ్డులో పడుకునే మనిషిని ఏ అలారమూ లేపక్కర్లేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా హోరుమంటున్నా గురకపెట్టి నిద్రపోతాడు. కరెంటు పోయి ఆ హోరు ఆగిందంటే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. టార్చి కోసం తడుముకుంటూ జనరేటర్ దగ్గరికి పరుగు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎటూ తక్కువే, ఆలస్యమైతే పంట పోతుంది.

మా బంధువుల చెరువుకు ఈమధ్య సెన్సర్లు బిగించారు. ఆక్సిజన్ తగ్గినా ఫోన్‌లో బీప్, కరెంటు పోయినా బీప్, సెన్సర్ బ్యాటరీ అయిపోవచ్చినా అదే బీప్. ఏది దేనికో తెలియాలంటే తడిచేతులు తుడుచుకుని ఫోన్ తీయాలి. ఆ టెన్షన్ పడలేక ఒకరోజు సౌండే ఆపేశారు.

ఈ చిక్కు మన చెరువుల దగ్గర పుట్టింది కాదు. 1980ల్లో కంప్యూటర్ తెర మీదికి ఫోల్డర్లు, చెత్తబుట్ట బొమ్మలై వచ్చాయి. కంటికి అంత చేసినవాళ్లు చెవికి ఒక్క బీప్ పడేసి ఊరుకున్నారు. మనస్తత్వశాస్త్రం చదివిన విలియం గేవర్ 1986లో దీని మీద ఒక పరిశోధనా పత్రం రాశాడు. మనం వినేది ఒట్టి చప్పుడు కాదు, ఆ చప్పుడు వెనకున్న వస్తువు, జరుగుతున్న పని అన్నది ఆయన వాదన. ఆపిల్ కంప్యూటర్‌లో ఫైళ్లు చూసే ప్రోగ్రాంకు చప్పుళ్లు జోడించి ఆయన చేసిన సోనిక్‌ఫైండర్ గురించి 1989లో ప్రచురించారు. అందులో ఫైల్ మీద నొక్కితే తట్టిన చప్పుడు, పెద్ద ఫైలైతే మందంగా. కాపీ అవుతుంటే పాత్రలోకి నీళ్లు పోస్తున్న చప్పుడు. కుళాయి కింద బిందె పెట్టి వంటింట్లో పని చూసుకునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? నీళ్లు మెడ దాకా వచ్చేసరికి చప్పుడు సన్నబడుతుంది, వెళ్లి కట్టేస్తాం.

1991లో గేవర్ బృందం కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీ పెట్టి, ఇద్దరిద్దరి చేత నడిపించింది. ఫ్యాక్టరీ మొత్తం ఒక తెరలో పట్టదు. కనిపించని యంత్రం ఎలా ఉందో చప్పుడును బట్టే పోల్చుకున్నారు. ఇబ్బందీ బయటపడింది. సీసాలు పగిలే చప్పుడుకు కంగారుపడి, అసలు కారణం వదిలేసి దాన్ని ఆపడానికే పరిగెత్తారు. నాకు ఇదే ఎక్కువ నచ్చిన ఫలితం. పెద్ద చప్పుడు పెద్ద ప్రమాదమే కానక్కర్లేదు కదా.

ఇప్పుడు రొయ్యల మేత దగ్గర కథ తిరగబడింది, యంత్రమే వింటోంది. మేత కొరికేటప్పుడు రొయ్య దవడలు టిక్కుమంటాయి. నీళ్లలో వేలాడే మైకు వాటిని పట్టుకుంటుంది, టిక్కులు తగ్గితే మేత యంత్రం ఆగుతుంది. టైగర్ రొయ్య మీద ఇలా మేత లెక్కగట్టొచ్చని 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. 2009లో మన దేశంలో అనుమతి వచ్చిన వనామీ రకం రొయ్య పెంపకంలోనూ విదేశాల్లో ఇదే పద్ధతి వాడుతున్నారు. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది మరి. మన దగ్గర చాలామంది ఇప్పటికీ కాస్త మేత వేసి చెరువులోకి దించే చెక్ ట్రేను పైకి లాగి, మిగిలిన మేతను వేళ్లతో నలిపి చూసే తేలుస్తారు.

ఈ యంత్రం గురించి మా కాపలా మనిషికి చెప్పాను. టిక్కులన్నీ ఫోన్‌లో గీతగా వస్తాయన్నాను.

“గీత ఎందుకు సార్, ఆ చప్పుడే మాకు వినపడేట్టు చెయ్యొచ్చు గదా” అన్నాడు.