కొలరాడో కోతలు: తాళం 1992లో పడింది, బిగుసుకున్నది 2001లో

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో టాబర్ (పన్ను కట్టేవాళ్ల హక్కుల పేరిట వచ్చిన రాజ్యాంగ సవరణ) గొడవ మళ్లీ రాజుకుంది. ఆ రాష్ట్రం తన ఆదాయపు పన్నును ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) లెక్కల మీదే కడుతుంది. అందుకే 2025లో వాషింగ్టన్ పన్ను చట్టం మార్చగానే ఇక్కడి ఖజానాకు గండి పడింది. ఆగస్టులో శాసనసభ ప్రత్యేకంగా కూర్చోవాల్సి వచ్చింది. మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) రోగులను చూసే డాక్టర్లకు, ఆస్పత్రులకు చెల్లించే రేటును అప్పుడే 1.6 శాతం పెంచి, ఆ పెంపును కొద్ది నెలలకే వెనక్కి లాగేశారు. కలిగినవాళ్ల మీద ఎక్కువ రేటు వేద్దామంటే రాజ్యాంగం ఒప్పుకోదు. ఆదాయపు పన్ను అందరికీ ఒకే రేటు ఉండాలని టాబర్ రాసిపెట్టింది.

డగ్లస్ బ్రూస్ అనే ఇళ్ల యజమాని దీన్ని రాయడం, ఓటర్ల ముందు రెండుసార్లు ఓడి 1992లో గెలవడం అక్కడ అందరికీ తెలిసిన కథే. (ఆయనే 2011లో పన్ను ఎగవేత కేసులో దోషిగా తేలడం కూడా.) సారం ఇంతే: పన్ను పెంచాలంటే ఓటర్లను అడగాలి. ఆదాయం జనాభా పెరుగుదల, ద్రవ్యోల్బణం కలిపినంతే పెరగాలి. అంతకు మించి వచ్చింది ప్రజలకు తిరిగిచ్చేయాలి.

మొదట్లో ఎవరికీ నొప్పి తెలియలేదు. టెక్ కంపెనీలు వెల్లువెత్తుతున్న రోజులవి. 1997 నుంచి 2001 దాకా 300 కోట్ల డాలర్లకు పైగా జనానికి తిరిగిచ్చారు. అది చాలదన్నట్టు ఆదాయపు పన్ను రేటును 5 శాతం నుంచి 4.63కి దించారు. దించడానికి ఓటు అక్కర్లేదు, తిరిగి ఎక్కించడానికే కావాలి. 2000లో ఓటర్లు ఇంకో సవరణ తెచ్చి, బడుల నిధులు ఏటా ద్రవ్యోల్బణం మీద మరో శాతం పెరగాల్సిందేనన్నారు. అంటే ఒక చట్టం సంచి మూతి కట్టింది, ఇంకోటి అందులోంచి బడుల వాటా ముందే తీసి పక్కన పెట్టమంది.

అప్పుడొచ్చింది 2001 మాంద్యం. నన్నడిగితే ఇవాళ్టి తగువు మొత్తం ఆ రెండేళ్లలోనే ఉంది. పరిమితి వంద రూకలనుకోండి. మాంద్యంలో వసూలు ఎనభై నాలుగుకు పడిపోయింది. మరుసటి ఏడు లెక్క వంద నుంచి కాదు, ఎనభై నాలుగు నుంచి మొదలవుతుంది. వ్యాపారాలు కోలుకుని పన్నులు మళ్లీ వందకు చేరినా, పైన వచ్చినదంతా వాపసు ఇవ్వాల్సిందే. దీన్నే బడ్జెట్ వాళ్లు రాట్చెట్ అంటారు. కిందికి దిగడమే గానీ పైకి ఎక్కడం ఉండదు.

మరి కోసేది ఎక్కడ? బడులను రాజ్యాంగం కాపాడుతోంది, మెడికెయిడ్ కనీస సేవలకు ఫెడరల్ నిబంధనలున్నాయి. మిగిలినవి ప్రభుత్వ కాలేజీలు, మానసిక వైద్యం, ప్రజారోగ్యం. ఆ రోజుల్లోనే బడిలో చేరే పిల్లలకు కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకాలు పూర్తిగా వేయించి ఉండాలన్న నిబంధనను రాష్ట్రం కొంతకాలం పక్కన పెట్టింది. దేశమంతా టీకాల కొరత ఉందని టాబర్ సమర్థకులు చెప్పేది నిజమే. కానీ పిల్లల టీకాల్లో రాష్ట్రాల వరసలో కొలరాడో అట్టడుగుకు జారింది కూడా ఆ ఏళ్లలోనే. సొంత డాక్టరున్న ఇంట్లో ఈ నిబంధన ఎత్తేస్తే తేడా పడదు. కౌంటీ (జిల్లా) ప్రభుత్వ క్లినిక్ మీద ఆధారపడ్డ తల్లికి పడుతుంది.

2005లో టాబర్‌కు ఐదేళ్ల విరామం అడిగింది రిపబ్లికన్ గవర్నర్ బిల్ ఓవెన్స్. ఇది మర్చిపోకూడదు. దాని కోసం పెట్టిన ఓటు, రెఫరెండం సి, 52 శాతంతో గట్టెక్కింది, రాష్ట్రానికి రాట్చెట్ పోయింది. అయితే సూత్రం అలాగే ఉండిపోయింది. వృద్ధుల సంరక్షణ, వైద్యం ఖర్చులు జనాభా, ధరల కంటే వేగంగా పెరుగుతాయి. పరిమితి మాత్రం అంత వేగంగా పెరగదు.

పైగా ఆ ఊరట ఊళ్లకు వర్తించలేదు. బ్రూస్ సొంతూరు కొలరాడో స్ప్రింగ్స్‌కు 1991 నుంచే తనదైన టాబర్ ఉంది. 2009లో అక్కడి ఓటర్లు ఆస్తి పన్ను పెంపు వద్దన్నారు. 2010లో నగరం మూడో వంతు వీధి దీపాలు ఆర్పేసింది. పార్కుల్లో చెత్త డబ్బాలు తీసేసింది. సాయంత్రం, శని ఆదివారాల బస్సులు ఆపేసింది. డబ్బు కట్టి దీపాన్ని దత్తత తీసుకున్నవాళ్ల వీధిలో మాత్రం దాన్ని మళ్లీ వెలిగించారు. ఆదివారం డ్యూటీ ఉన్న హోటల్ పనివాడికి బస్సును అలా దత్తత తీసుకునే వీలు లేదు.

అవతలి పక్షం మాట: మా డబ్బు తీసుకునే ముందు మమ్మల్ని అడగండి, అంతే. 2013లో బడుల కోసం పన్ను పెంచుతామంటే ఓటర్లు చిత్తుగా ఓడించారు. మిగులు ఉంచుకుంటామంటే 2019లో, 2023లో వద్దన్నారు. 2022లో ఆ మిగులు వాపసుగా ఒక్కొక్కరికీ 750 డాలర్ల చెక్కు వచ్చింది. పేదకూ అంతే, ధనికుడికీ అంతే. పేద ఇంటికి అది చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఆ చెక్కుతో క్లినిక్‌లో నర్సును పెట్టుకోలేరు.

పన్ను పెంచలేని శాసనసభ ఫీజుల దారి పట్టింది. వాటిని విడి సంస్థల కింద పెడితే పరిమితిలోకి రావు. 2017లో ఆస్పత్రుల ఫీజును అలాగే బయటికి తీశారు. 2020లో ఓటర్లు ఆ దారికీ గేటు పెట్టారు: ఐదేళ్లలో 10 కోట్ల డాలర్లు దాటేలా కొత్త సంస్థ పెట్టాలంటే ఓటు తప్పదు.

ఇప్పుడు అంచెల రేట్ల ఆదాయపు పన్నును ఓటుకు పెట్టాలని కొందరు ప్రయత్నిస్తున్నారు. 2016లో వచ్చిన నిబంధన ప్రకారం రాజ్యాంగంలో కొత్త మాట చేర్చాలంటే 55 శాతం ఓట్లు రావాలి. 1992లో టాబర్‌కు వచ్చినవి 54 శాతానికి లోపే.