జబ్లాలు కుట్టబోయే మనవలకు ఉత్తరం

పాలకొల్లు

చిరంజీవులైన నా మనవరాలికీ, మనవడికీ అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ అక్క పురుటికి చైత్రంలో ఇక్కడికి వస్తుంది కనుక, ఈలోగా పుట్టబోయే పాపాయికి జబ్లాలు, కుల్లాయి, ఒక బొంత మీ చేతులతోనే తయారు చేయాలని మీరిద్దరూ అనుకున్నారనీ, అందుకు ఉచితంగా దొరికే నమూనాలను వెతికి అచ్చు తీశారనీ మీ అమ్మ చెప్పింది. మీరు పంపిన కాగితాలను నాలుగు రోజులుగా కళ్లజోడు పెట్టుకుని చూస్తున్నాను. నమూనాలు మంచివే. అయితే వాటిని గీసినవారు మీ అక్కను చూడలేదు, పాలకొల్లు వైశాఖం ఎండను అసలే చూడలేదు. అందువల్ల ఆ కాగితాల నుంచి ఆకారం మాత్రం తీసుకుని, గుడ్డ, కొలత, కట్టే తీరు మన పాపాయిని బట్టి మార్చుకోవలసి ఉంటుంది.

ముందుగా కాగితం సంగతి. జబ్లా నమూనాలో ఒక మూల చిన్న చదరం గీసి, దాని భుజం సరిగ్గా ఒక అంగుళం ఉండాలని రాశారు. నేను టేపు పెట్టి చూస్తే తక్కువ వచ్చింది. కారణం చెబుతాను. అమెరికావారు వాడే కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉంటుంది. మన ఏ4 కాగితం దానికన్నా వెడల్పులో సుమారు 6 మిల్లీమీటర్లు తక్కువ, పొడవులో సుమారు 18 మిల్లీమీటర్లు ఎక్కువ. కాగితానికి సరిపడేలా ముద్రించమని ప్రింటరుకు చెబితే అది బొమ్మ మొత్తాన్నీ కుదించివేస్తుంది. నూటికి మూడు వంతులు కుదించినా, ఛాతీ చుట్టుకొలత 44 సెంటీమీటర్లు రావలసిన జబ్లాలో సెంటీమీటరుకు పైగా పోతుంది. 100 శాతం అని పెట్టి మళ్లీ అచ్చు తీయండి, ఆ చదరాన్ని కొలిచిన తరువాతే గుడ్డ జోలికి వెళ్లండి. కుట్టుకు వదలవలసిన గుడ్డ నమూనాలో కలిసి ఉందా, మనం విడిగా కలుపుకోవాలా అన్నది కూడా చదవండి. ఒకరు పావు అంగుళం వదిలితే, ఇంకొకరు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు వదులుతారు.

ఇలా కొలతల వారీగా కాగితపు నమూనాలు తయారు చేసి అమ్మి పేరు పొందినవాడు ఎబెనెజర్ బటరిక్ అనే అమెరికా దర్జీ. 1863 నాటి మాట అది. అంతకుముందు నమూనా ఒకే కొలతలో దొరికేది, పెంచుకోవడం, తగ్గించుకోవడం కుట్టేవారి తిప్పలు. తమ పసివాడికి గౌను కుడుతూ విసిగిన ఆయన భార్య, అన్ని కొలతలలోనూ నమూనాలు ఉంటే ఎంత బాగుండేదని అన్నదట. ఈ మాట మీ అక్కకు చెప్పండి, నవ్వుకుంటుంది.

ఇక గుడ్డ. మీ కాగితాలలో ఫ్లానెల్ అనీ, ఫ్లీస్ అనీ రాసి ఉన్న వెచ్చటి నూగుగుడ్డలు చలిదేశపు పిల్లలకు. మన పాపాయికి ఆ గుడ్డలో జబ్లా తొడిగితే పూట గడవకముందే మెడ మడతలలో చెమటకాయలు లేస్తాయి. మల్లుగుడ్డ తీసుకోండి, అంతకన్నా మంచిది పాత నేతగుడ్డ. పుట్టిన బిడ్డకు మొదటి రోజులలో కొత్త బట్ట తొడగకుండా, ఇంట్లో పెద్దవాళ్ల పాత చీరలు, పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. దానిని చాదస్తమని నా చిన్నప్పుడు నేనూ అనుకున్నాను. కుట్టడం నేర్చుకున్న తరువాత అర్థమయింది: ఏళ్ల తరబడి ఉతికిన గుడ్డలో గంజి ఉండదు, కుంచించుకుపోవలసినదంతా ముందే కుంచించుకుపోయి ఉంటుంది, వదలవలసిన రంగు ఎప్పుడో వదిలి ఉంటుంది, పోగు మెత్తబడి ఒంటికి రాసుకోదు. కొత్త గుడ్డతోనే కుట్టాలని మీకు ముచ్చటగా ఉంటే, కత్తిరించే ముందు రెండుసార్లు ఉతికి ఆరవేయండి, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూడండి.

కత్తిరించేటప్పుడు నమూనా మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసి, గుడ్డ పడుగు పోగులు, అంటే పొడవునా పోయే పోగులు, అటే ఉండేలా పరచండి. వంకరగా పరిస్తే రెండు ఉతుకులకే జబ్లా ఒక పక్కకు మెలి తిరుగుతుంది. మెడకు వేసే పట్టీ మాత్రం క్రాసుగా, అంటే పోగులకు ఐమూలగానే తీయాలి. అప్పుడే అది సాగి, గుండ్రటి మెడ చుట్టూ ముడతలు పడకుండా కూర్చుంటుంది. ‘మడత’ అని రాసి ఉన్న గీతను మడిచిన గుడ్డ అంచుకు ఆనించాలి, దానిని కత్తిరించకూడదు. నేను మొట్టమొదట కత్తిరించిన జబ్లాకు వీపు రెండు ముక్కలయి కూర్చుంది. మా అమ్మ ఏమీ అనకుండా ఆ ముక్కలను ముక్కు తుడిచే గుడ్డలుగా మార్చింది.

పసిబిడ్డ బట్టలో లోపలి కుట్టే ముఖ్యం. గుడ్డ మంచి వైపు బయటకు ఉండగా ఒక కుట్టు వేసి, అంచు సన్నగా కత్తిరించి, తిరగవేసి మళ్లీ కుడితే పోగులు లోపలే దాగిపోతాయి, ఒంటికి గుచ్చుకోవు. తలమీదుగా తొడిగే నమూనాను పక్కన పెట్టండి. మెడ నిలవని పసిగుడ్డుకు ముందు తెరుచుకుని, ఒక పక్కకు మడిచి, నడుము దగ్గర ముడి వేసే రకమే సుఖం. మన పిల్లలు చాలామంది మూడు కిలోలలోపే పుడతారు కనుక ఆ దేశపు కొలత కొంత వదులుగా ఉండవచ్చు. ఫరవాలేదు, నెలలో నిండుతుంది. మెడ దగ్గర తాడు మాత్రం వద్దు. ఐరోపాలో ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గరా, తల ముసుగు దగ్గరా తాళ్లు ఉండకూడదని ప్రమాణమే ఉంది. ముద్దుగా ఉంటుందని గుండీలు, పూసలు అతికించకండి. మూడేళ్లలోపు పిల్లల వస్తువులను అమెరికాలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో వేసి చూస్తారు, అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా బిడ్డ గొంతుకు అడ్డం పడగలదని లెక్క. మన బొత్తాం ఒక్కటైనా అందులో పట్టకుండా ఉంటుందా?

మీరు పంపిన వాటిలో తొట్టి చుట్టూ లోపలి వైపు కట్టే మెత్తల నమూనా ఒకటి ఉంది. అది ఎప్పటిదో పాతది. ఊపిరాడని ప్రమాదం వల్ల ఆ మెత్తలను 2022లో అమెరికాలో చట్టం చేసి నిషేధించారు. దానిని చింపివేయండి. ఉచితంగా దొరికే నమూనాలలో ఇదొక చిక్కు. నమూనా అలాగే మిగిలిపోతుంది, వైద్యుల మాట మారిపోతుంది. నా మాట కూడా మారింది. మీ అమ్మకు నేను ఆవాల దిండు కుట్టాను, తల గుండ్రంగా వస్తుందని. మొదటి సంవత్సరం బిడ్డ నిద్రపోయే చోట దిండు, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదనీ, బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలనీ పిల్లల డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. కాబట్టి దిండు మానేద్దాం.

బొంత మానవద్దు, దాని పని మారుద్దాం. మెలకువగా ఉన్నప్పుడు పాపాయిని మన కళ్లముందు కాసేపు బోర్లా వేయడానికి అది కావాలి. మీ కాగితంలో మధ్యన పాలిస్టర్ దూది పెట్టమన్నారు. దానికి బదులు పాత చీరలు మూడు పొరలు చాలు. మీటరు చదరాన నేలమీద పరిచి, ముడతలు తీసి, ముందుగా మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఆ తరువాత వరుసగా సాదా కుట్టు. బొటనవేలు వెడల్పున వరుసలు వేస్తే ఎన్ని ఉతుకులు పడినా పొరలు జరగవు. కుట్టు వంకరపోతే విప్పకండి, బొంతకు అది అందమే.

కుల్లాయి క్రోషియాతో అల్లుతానని మనవడు అన్నాడట. చాలా సంతోషం. ఇక్కడికి దగ్గరలోని నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా వీధి అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు అల్లుతుండగా చూసి నేర్చుకున్నదే నా క్రోషియా. ఒక హెచ్చరిక. అమెరికా నమూనాలో సింగిల్ క్రోషే అన్న కుట్టును బ్రిటిష్ నమూనాలో డబుల్ క్రోషే అంటారు. ఏ దేశపు నమూనానో చూడకుండా అల్లితే టోపీ బుట్ట అవుతుంది. ముందు చిన్న ముక్క అల్లి లెక్కపెట్టు. పది సెంటీమీటర్లకు 20 కుట్లు రావాలని రాసి ఉన్న చోట నీకు 22 వస్తే, 64 కుట్ల కుల్లాయి 32 సెంటీమీటర్లు రావలసినది 29 అవుతుంది. పుట్టిన బిడ్డ తల 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది, 32 అయితే సాగి పడుతుంది, 29 అయితే బిగుస్తుంది. ఊలుకు బదులు నూలుదారం వాడు. లేసులాగా పెద్ద కన్నాలు ఉన్న అల్లిక దుప్పటికీ, మేజోళ్లకూ పనికిరాదు, వేళ్లు చిక్కుకుంటాయి. మేజోడు లోపల వేలాడే దారపు కొస ఒకటి బిడ్డ కాలివేలికి చుట్టుకుని రక్తం ఆగిపోయేంత బిగిసే ప్రమాదం ఉంది కనుక, పని పూర్తికాగానే తిరగవేసి కొసలన్నీ కత్తిరించాలి.

గుండుసూదులను మొదలుపెట్టేటప్పుడు ఎన్ని తీశారో లెక్కపెట్టి రాసుకోండి, లేచేటప్పుడు అన్నీ డబ్బాలోకి వచ్చాయో లేదో చూడండి. మీ పెద్దమామయ్య జబ్లా అంచులో నేను మరిచిన సూది ఒకటి ఇస్త్రీ పెట్టెకు తగిలి దొరికింది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

తాతగారి పంచెలు రెండు, నా మంగళగిరి చీరలు మూడు ఉతికి, మడిచి బీరువా పై అరలో పెట్టాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్తగా అచ్చు తీసిన కాగితాలు, మంచి కత్తెర ఒకటి తీసుకురండి. ఇక్కడి కత్తెరతో మీ తాతగారు వైరు కోశారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ